అమెరికా కాలేజీల్లో అమ్మాయిల ఆటల మీద పెత్తనం ఎవరిది? తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండే ఊరికి దగ్గర్లో ఓ కాలేజీ జిమ్ ఉంది. వేసవిలో మా అమ్మాయిని వాలీబాల్ క్యాంపుకి అక్కడే దింపుతాను. గోడ పొడుగునా ఎన్‌సీఏఏ (నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్, ఇప్పుడు అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే పెద్ద సంఘం) బ్యానర్లు, రంగు తగ్గనివి. చిట్టచివర, ఫైర్ ఎగ్జిట్ తలుపు పక్కన, అంచులు వెలిసిపోయిన చిన్న బ్యానర్ ఒకటి వేలాడుతుంటుంది. దాని మీద "ఏఐఏడబ్ల్యూ 1979" అని ఉంటుంది. "అమ్మా, స్పెల్లింగ్ తప్పు రాశారా?" అంది మా అమ్మాయి. తప్పేం కాదు. ఆ నాలుగక్షరాల వెనక ఏముందో వెతుక్కుంటూ పోగేసిందే ఇదంతా. క్యాంపు అయ్యేదాకా కార్లలో కూర్చునే తోటి తల్లిదండ్రులు, ఇండియా నుంచి ఫోన్లు చేసే చుట్టాలు అడిగినవీ ఇందులో కలిపాను.

ఏఐఏడబ్ల్యూ అంటే ఏమిటి?

అసోసియేషన్ ఫర్ ఇంటర్‌కాలేజియేట్ అథ్లెటిక్స్ ఫర్ విమెన్. కాలేజీ అమ్మాయిల ఆటల్ని ఆడవాళ్లే నడుపుకోవడానికి 1971లో పెట్టుకున్న సంఘం. మొదటి అధ్యక్షురాలు క్యారల్ ఓగల్స్‌బీ. దాదాపు 280 కాలేజీలతో మొదలై, పదేళ్లు తిరిగేసరికి 900 దాటింది. చివరి ఏడాది 19 ఆటల్లో 41 జాతీయ ఛాంపియన్‌షిప్పులు పెట్టింది. 1982 జూన్‌లో తలుపులు మూసేసింది. అంత పెద్ద సంస్థ అంత తొందరగా ఎలా మాయమైందన్నదే అసలు కథ.

అంతకు ముందు అమ్మాయిలు ఆడేవారు కాదా?

ఎందుకు ఆడరు? మగవాళ్లకి బాస్కెట్‌బాల్ పుట్టిన ఏడాదిన్నరలోపే అమ్మాయిలూ ఆడారు. మసాచుసెట్స్‌లో స్మిత్ కాలేజీ అని ఆడపిల్లల కాలేజీ ఉంది. అక్కడి వ్యాయామ అధ్యాపకురాలు సెండా బెరెన్సన్ 1893 మార్చిలో ఫస్టియర్‌కీ సెకండియర్‌కీ మ్యాచ్ పెట్టింది. చూడ్డానికి మగవాళ్లెవరికీ ప్రవేశం లేదు. కోర్టుని మూడు భాగాలుగా గీసి, ఎవరి భాగంలో వాళ్లే ఉండాలంది. బంతి లాక్కోకూడదు, మూడు సెకన్లకి మించి పట్టుకోకూడదు. పిల్లలు అలిసిపోకూడదు, ఒకరి మీద ఒకరు పడకూడదు. ఆ నియమాల వెనక ఉన్న ఆలోచన ఇది. ఈ రకం గీతలు అమెరికన్ అమ్మాయిల బాస్కెట్‌బాల్‌ని ఏదో ఒక రూపంలో దాదాపు ఎనభై ఏళ్లు పట్టుకున్నాయి. కాలేజీ అమ్మాయిలు మగవాళ్లలా అయిదుగురితో కోర్టంతా పరిగెత్తడం 1971లో గానీ ఖాయం కాలేదు.

రెండు వేర్వేరు కాలేజీల అమ్మాయిలు తలపడిన మొదటి మ్యాచ్ 1896 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది. స్టాన్‌ఫర్డ్, బర్క్లీ జట్లు. ఏడొందల మంది ప్రేక్షకులు, అందరూ ఆడవాళ్లే. స్టాన్‌ఫర్డ్ 2-1తో గెలిచింది. మ్యాచ్ మొత్తానికి అంతే స్కోరు.

తర్వాత కథ అడ్డం తిరిగింది. 1923లో లూ హెన్రీ హూవర్ నాయకత్వాన జాతీయ స్థాయిలో ఒక మహిళా విభాగం ఏర్పడింది. ఈమె భర్త తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. అందరమ్మాయిలూ ఆడాలి, కానీ పోటీ, టికెట్లు, ఊళ్లు తిరగడం, పేపర్లో ఫొటోలు వద్దు అన్నది వీళ్ల మాట. దాంతో "ప్లే డే"లు వచ్చాయి. నాలుగైదు కాలేజీల అమ్మాయిల్ని ఒకచోట చేర్చి, అందర్నీ కలిపేసి జట్లు చేసేవారు. ఏ కాలేజీ గెలిచిందో తెలియకూడదన్నదే ఉద్దేశం. ఆట అయ్యాక టీ, బిస్కెట్లు. ఇంకో పద్ధతి టెలిగ్రాఫ్ పోటీ. విలువిద్యో ఈతో ఎవరి ఊళ్లో వాళ్లు పూర్తి చేసి, ఫలితాలు టెలిగ్రామ్‌లో పంపుకునేవారు. ఎదుటివాళ్ల మొహం చూడకుండానే గెలుపోటములు తేలిపోయేవి.

నవ్వొస్తుంది గానీ నాకు మరీ కొత్తగా అనిపించలేదు. గుంటూరు జిల్లాలో డిగ్రీ చదివేటప్పుడు నేను బాల్ బ్యాడ్మింటన్ ఆడేదాన్ని. తోడుగా లేడీ లెక్చరర్ ఎవరైనా వస్తామంటేనే పక్క ఊరి టోర్నమెంటుకి పంపేవారు. ఒకసారి బస్సెక్కి కూర్చున్నాక, రావాల్సిన మేడమ్ గారి ఇంటికి చుట్టాలొచ్చారని కబురొచ్చింది. అందరం బ్యాట్లు చంకన పెట్టుకుని దిగిపోయాం. అబ్బాయిల జట్టు అదే బస్సులో వెళ్లింది.

ఎన్‌సీఏఏ 1906 నుంచీ ఉంది కదా, అది అమ్మాయిల్ని ఎందుకు పట్టించుకోలేదు?

పట్టించుకోవాల్సిన అవసరం కనిపించలేదు. అది అమెరికన్ ఫుట్‌బాల్‌లో పిల్లలు చచ్చిపోతున్నారన్న గొడవలోంచి పుట్టిన మగవాళ్ల సంఘం. 1960ల్లో తన ఛాంపియన్‌షిప్పుల్లో ఆడవాళ్లు పాల్గొనకూడదని రాతపూర్వకంగానే పెట్టుకుంది. ఆడవాళ్లు కూడా "సరే, మాది మేం చూసుకుంటాం" అని 1966లో ఒక కమిషన్ వేసుకున్నారు. అదే 1971కల్లా ఏఐఏడబ్ల్యూ అయింది. డబ్బు లేనంతకాలం ఈ పంపకం గురించి ఎవరూ గొడవపడలేదు.

టైటిల్ నైన్‌లో ఆటల గురించి ఏం రాశారు?

ఏమీ రాయలేదు. 1972 జూన్ 23న నిక్సన్ సంతకం చేసిన ఆ చట్టంలో ముఖ్యమైన వాక్యం ఇంగ్లీషులో 37 మాటలు. ప్రభుత్వ సొమ్ము అందుకునే ఏ విద్యా కార్యక్రమంలోనూ ఆడ, మగ తేడా చూపకూడదని అందులో ఉంటుంది. బంతి, బ్యాటు, జిమ్ అన్న మాటే లేదు. చట్టసభ సభ్యులు ప్యాట్సీ మింక్, ఎడిత్ గ్రీన్, బర్చ్ బై లాంటివాళ్లు దాన్ని తెచ్చింది ప్రధానంగా సీట్ల కోసం, ఉద్యోగాల కోసం.

ఆటలకీ వర్తిస్తుందని అర్థమయ్యేసరికి ఎన్‌సీఏఏ ఉలిక్కిపడింది. ఆదాయం వచ్చే ఆటల్ని మినహాయించాలని 1974లో టెక్సస్ సెనెటర్ జాన్ టవర్ ఒక సవరణ తెచ్చాడు. అది నెగ్గలేదు. 1976లో ఎన్‌సీఏఏ ఏకంగా కోర్టుకెళ్లింది. అదీ నిలబడలేదు. అయిదారేళ్ల తర్వాత "అమ్మాయిల ఆటలకు మేమే అండ" అంటూ ముందుకొచ్చింది కూడా ఈ సంస్థే. చదువుతూ ఈ తేదీలు గుర్తు పెట్టుకోండి.

చట్టం రాగానే అన్నీ మారిపోయాయనుకోవద్దు. 1976 మార్చిలో యేల్ యూనివర్సిటీ పడవ పందేల అమ్మాయిలు ఏం చేశారో చూడండి. ప్రాక్టీసు అయ్యాక అబ్బాయిలు బోట్‌హౌస్‌లో వేడినీళ్ల స్నానం చేసేవారు. అమ్మాయిలకి షవర్లు లేవు. తడిసిన బట్టల్తో, నీళ్లు గడ్డకట్టే చలిలో, అబ్బాయిలు వచ్చేదాకా బస్సులో కూర్చునేవారు. ఓ రోజు 19 మంది అమ్మాయిలు వ్యాయామ విభాగంలో అధికారిణి గదిలోకి వెళ్లి, తెచ్చుకున్న విలేకరి చూస్తుండగా బట్టలు తీసేసి నిలబడ్డారు. వీపుల మీద, ఛాతీ మీద నీలిరంగుతో "టైటిల్ నైన్" అని రాసుకున్నారు. వాళ్ల కెప్టెన్ క్రిస్ ఎర్న్‌స్ట్ ఒక ప్రకటన చదివింది. మర్నాడే పేపర్లకెక్కింది. షవర్లు వచ్చాయి.

ఆటగత్తెలకు స్కాలర్‌షిప్పులు వద్దని ఆడవాళ్ల సంఘమే అందట, నిజమా?

నిజమే. చాలామంది నమ్మలేని ముక్క ఇదే. మగవాళ్ల ఆటల్లో స్కాలర్‌షిప్ ఎర చూపి పిల్లల్ని కొనుక్కోవడం, చదువు ఎగ్గొట్టించడం చూసి, ఆ రొచ్చులోకి మేం దిగమన్నారు. స్కాలర్‌షిప్ తీసుకున్న అమ్మాయి ఏఐఏడబ్ల్యూ పోటీల్లో ఆడకూడదని నియమం పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ అబ్బాయి తీసుకుంటే తప్పులేనిది అమ్మాయి తీసుకుంటే ఎలా తప్పవుతుంది? ఫ్లోరిడాలో మేరీమౌంట్ కాలేజీలో పనిచేసే ఫెర్న్ కెల్‌మేయర్, మరికొందరు టెన్నిస్ ఆటగత్తెలతో కలిసి 1973లో దావా వేసింది. కేసు విచారణ దాకా వెళ్లకుండానే సంఘం నియమం మార్చుకుంది.

మా వదినైతే ఇప్పటికీ ఒప్పుకోదు. "స్కాలర్‌షిప్ అంటే చదివేవాళ్లకి కదమ్మా, బంతి కొట్టేవాళ్లకెందుకు?" అంటుంది. ఆ రోజుల్లో ఏఐఏడబ్ల్యూ మీటింగుల్లో కూర్చోబెడితే మా వదిన్ని బోర్డు మెంబర్ని చేసేవారు.

ఏఐఏడబ్ల్యూ కాలంలో ఆట ఎలా ఉండేది?

ఇమ్మాక్యులేటా గురించి చెబితే సరిపోతుంది. ఫిలడెల్ఫియా దగ్గర సన్యాసినులు నడిపే చిన్న క్యాథలిక్ మహిళా కాలేజీ అది. జిమ్ 1967లో కాలిపోయింది. కోచ్ క్యాథీ రష్ జీతం సీజన్‌కి 450 డాలర్లు. 1972లో ఇల్లినాయ్‌లో ఏఐఏడబ్ల్యూ మొదటి జాతీయ బాస్కెట్‌బాల్ పోటీలకు 16 జట్లు వస్తే, వీళ్లకిచ్చిన ర్యాంకు 15. వెళ్లడానికి డబ్బుల్లేక పిల్లలు టూత్‌బ్రష్‌లు అమ్మారు. విమానంలో స్టాండ్‌బై టికెట్ల మీద ఎనిమిది మందే వెళ్లగలిగారు. ఫైనల్లో ఎదురైంది వెస్ట్ చెస్టర్. అంతకు కొన్నాళ్ల ముందే వీళ్లని 32 పాయింట్ల తేడాతో చితక్కొట్టిన జట్టు. 52-48తో ఇమ్మాక్యులేటా గెలిచింది. ఆ తర్వాత రెండేళ్లూ వాళ్లదే టైటిల్. సన్యాసినులు స్టాండ్లలో ఇనప బకెట్లు బాదుతూ గోల చేసేవారట. మన ఊళ్లో కబడ్డీ పోటీలకి డప్పులు కొట్టినట్టే.

1975 ఫిబ్రవరిలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇదే జట్టు క్వీన్స్ కాలేజీతో ఆడితే దాదాపు 12,000 మంది వచ్చారు. అక్కడ కాలేజీ మహిళల బాస్కెట్‌బాల్ మ్యాచ్ జరగడం అదే మొదటిసారి. తర్వాత మిసిసిపీ నుంచి డెల్టా స్టేట్ లేచింది. దాని వెన్నెముక లూసియా హ్యారిస్. 1976 మాంట్రియాల్ ఒలింపిక్స్‌లో మహిళల బాస్కెట్‌బాల్‌ని మొదటిసారి పెట్టినప్పుడు మొట్టమొదటి బుట్ట వేసింది ఆమే.

నియమాల్లో ఎన్‌సీఏఏకీ వీళ్లకీ తేడా ఏమిటి?

అప్పట్లో ఎన్‌సీఏఏలో కాలేజీ మారితే చాలా ఆటల్లో ఏడాదిపాటు బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చేది. ఏఐఏడబ్ల్యూలో మారిన వెంటనే ఆడొచ్చు, ఎందుకంటే ఆమె ముందు విద్యార్థిని, తర్వాతే ఆటగత్తె. కోచ్‌లు కాలేజీ డబ్బుతో ఊళ్లు తిరిగి పిల్లల్ని ఇంటికొచ్చి బతిమాలడం నిషిద్ధం. క్రమశిక్షణ చర్య తీసుకుంటే అప్పీలు చేసుకునే హక్కుండేది. కమిటీల్లో విద్యార్థినులకి స్థానం ఉండేది.

అంతా బంగారమని చెప్పను. రిక్రూటింగ్ నిషేధం వల్ల పల్లెటూరి పిల్లల్ని ఎవరూ చూడ్డానికి వచ్చేవారు కాదు. ఛాంపియన్‌షిప్పులకి ఎవరి ఖర్చులు వాళ్లే పెట్టుకోవాలి. ఒకే కాలేజీలో అబ్బాయిలకో రూల్ బుక్, అమ్మాయిలకో రూల్ బుక్ ఉంటే మధ్యలో అథ్లెటిక్ డైరెక్టర్ తల పట్టుకునేవాడు. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది.

మరి ఎన్‌సీఏఏ చేతుల్లోకి ఎలా పోయింది?

1970ల చివరికి రెండు సంగతులు తేలిపోయాయి. టైటిల్ నైన్ ఎక్కడికీ పోదు. అమ్మాయిల ఆటలకి టీవీ వాళ్లు డబ్బు పెట్టడం మొదలుపెట్టారు, ఎన్‌బీసీ ఛానల్ అప్పటికే ఏఐఏడబ్ల్యూతో ఒప్పందం చేసుకుంది. కాలేజీల్లో ఎలాగూ ఖర్చు పెట్టక తప్పనప్పుడు, ఆ పెత్తనం మాత్రం పక్కవాళ్ల చేతిలో ఎందుకుండాలి?

1980 జనవరిలో ఎన్‌సీఏఏ తన చిన్న డివిజన్లు (కాలేజీల స్థాయిని బట్టి చేసిన విభాగాలు) రెండింటికీ మహిళల పోటీలు పెడతానంది. మరుసటి జనవరిలో మయామీ బీచ్ సమావేశంలో పెద్ద డివిజన్ విషయం ఓటుకొచ్చింది. మొదటిసారి లెక్కపెడితే సమం. మళ్లీ లెక్కపెడితే ఒక్క ఓటుతో ఓడిపోయింది. అక్కడితో అయిపోయిందనుకుని కొందరు ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు పునఃపరిశీలన తీర్మానం పెట్టి, నెగ్గించుకుని, మూడోసారి ఓటింగులో గెలిచారు. గదిలో ఎక్కువమంది మగవాళ్లే. ఏఐఏడబ్ల్యూ అధ్యక్షురాలిగా ఉన్న క్రిస్టీన్ గ్రాంట్, ఆమె తర్వాత వచ్చిన, టెక్సస్ యూనివర్సిటీలో మహిళల ఆటల డైరెక్టర్ డోనా లోపియానో గట్టిగా పోరాడారు. గ్రాంట్ స్కాట్లండ్‌లో పుట్టి అయోవా యూనివర్సిటీలో మహిళల ఆటల డైరెక్టరుగా స్థిరపడిన మనిషి.

ఇక ఎర చూడండి. మీరెలాగూ అబ్బాయిల కోసం సభ్యులే, అమ్మాయిలకి వేరే చందా అక్కర్లేదు. ఛాంపియన్‌షిప్ ప్రయాణ ఖర్చులు మావి. టీవీలో చూపిస్తాం. కొన్నేళ్లు పాత రూల్సే పాటించినా పర్లేదు. చందా కట్టి, సొంత ఖర్చుతో వెళ్లాల్సిన సంఘంలో ఎవరుంటారు? బాస్కెట్‌బాల్లో మొదటి 20 జట్లలో 17 అటు వెళ్లిపోయాయి. ఎన్‌బీసీ ఏఐఏడబ్ల్యూ పోటీల్ని చూపించడం మానేసింది.

1982 మార్చి 28 ఆదివారం ఒకే రోజు రెండు జాతీయ ఫైనల్స్ జరిగాయి. వర్జీనియాలోని నార్‌ఫోక్‌లో, ఎన్‌సీఏఏ వారి మొదటి ఫైనల్లో, లూయిజియానా టెక్ 76-62తో చేనీ స్టేట్‌ని ఓడించింది. అంతకు ముందు ఏడాది ఏఐఏడబ్ల్యూ ఛాంపియన్ కూడా లూయిజియానా టెక్కే. చేనీ నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన చిన్న కాలేజీ. కోచ్ వివియన్ స్ట్రింగర్. అదే రోజు ఫిలడెల్ఫియాలో పాతకాలపు పలెస్ట్రా హాల్లో, ఏఐఏడబ్ల్యూ చివరి ఫైనల్లో రట్గర్స్ 83-77తో టెక్సస్‌ని ఓడించింది. మూడు నెలలకి సంఘం మూతపడింది.

కోర్టుకి వెళ్లలేదా?

వెళ్లారు. మగవాళ్ల టీవీ హక్కుల బలంతో మహిళల మార్కెట్‌ని మింగేశారని, గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే యాంటీట్రస్ట్ చట్టం కింద దావా వేశారు. 1983లో ఓడిపోయారు, 1984లో అప్పీలూ పోయింది. అదే 1984లో సుప్రీంకోర్టు గ్రోవ్ సిటీ కేసులో, ప్రభుత్వ సొమ్ము నేరుగా అందే విభాగానికే వర్తిస్తుందంటూ, టైటిల్ నైన్‌ని బాగా కుదించేసింది. 1988లో రీగన్ వీటోని కాదని కాంగ్రెస్ దాన్ని నిలబెట్టేదాకా నాలుగేళ్లు అమ్మాయిలకి సొంత సంఘమూ లేదు, చట్టమూ లేదు.

అయినా చివరికి అమ్మాయిలకి మంచే జరిగింది కదా?

మైదానంలో మంచే జరిగింది. 1971-72లో అమెరికా కాలేజీ ఆటల్లో అమ్మాయిలు 30,000 మంది. ఇప్పుడు ఎన్‌సీఏఏలోనే రెండు లక్షలు పైన. ఆ పెరుగుదలకి కారణం టైటిల్ నైన్ అని నా లెక్క. ఎన్‌సీఏఏ లేకపోయినా వచ్చేది.

కుర్చీలో మాత్రం జరగలేదు. 1972లో అమ్మాయిల జట్లకి కోచ్‌ల్లో 90 శాతానికి పైగా ఆడవాళ్లు. ఇప్పుడు సగం కూడా లేరు. జీతం పెరగ్గానే ఆ ఉద్యోగాలకి మగవాళ్లొచ్చారు. రెండు విభాగాల్ని కలిపినప్పుడు డైరెక్టర్ కుర్చీలో దాదాపు ప్రతిచోటా ఆయనే కూర్చున్నాడు, ఆవిడ అసిస్టెంటయింది. ఎన్‌సీఏఏకి మొదటి మహిళా అధ్యక్షురాలు జూడిత్ స్వీట్ రావడానికి 1991 అయింది. ఆమె కూడా పనిమంతురాలే. అటువైపు వెళ్లిన ఆడవాళ్లందర్నీ ద్రోహులనడం నాకు నచ్చదు. కానీ ఆడవాళ్లు నడిపే సంస్థ ఉండటం వేరు, మగవాళ్లు నడిపే సంస్థలో ఆడవాళ్లకి కుర్చీ వేయడం వేరు.

2021లో జిమ్ గొడవ ఏమిటి?

కోవిడ్ రోజుల్లో బాస్కెట్‌బాల్ టోర్నమెంట్లు అబ్బాయిలకి ఇండియానాపొలిస్‌లో, అమ్మాయిలకి శాన్ ఆంటోనియోలో పెట్టారు. అబ్బాయిలకి హాలు నిండా బరువులు. అమ్మాయిలకి ఒక చిన్న డంబెల్ స్టాండు, కొన్ని యోగా చాపలు. చోటు లేక పెట్టలేదన్నారు. ఆరెగాన్ జట్టు అమ్మాయి సెడోనా ప్రిన్స్ ఫోన్ తిప్పి ఖాళీగా ఉన్న హాలంతా వీడియో తీసి పెట్టింది. ఆ తర్వాత వేసిన విచారణ నివేదికలో "మార్చ్ మ్యాడ్‌నెస్" అన్న పేరు కూడా అబ్బాయిల టోర్నమెంటుకే వాడుతున్నారని బయటపడింది. 2022 నుంచి అమ్మాయిలకీ ఆ పేరు ఇచ్చారు. పేరుకి ఖర్చేముంటుంది? అయినా ఇవ్వడానికి నలభై ఏళ్లు పట్టింది.

ఇప్పుడు డబ్బు సంగతి?

అబ్బాయిల టోర్నమెంట్లో ఆడిన మ్యాచ్‌ల్ని బట్టి ఆ జట్టు కాన్ఫరెన్సుకి (కలిసి ఆడే కాలేజీల కూటమికి) వాటా వచ్చే పద్ధతి 1991 నుంచి ఉంది. అమ్మాయిలకి ఆ వాటా ఇవ్వాలని 2025 జనవరిలో ఓటేశారు. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసులో 2025 జూన్‌లో కుదిరిన రాజీతో కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బివ్వొచ్చు, మొదటి ఏడాదికి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. చాలాచోట్ల అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కే. ఈ చెల్లింపులకి టైటిల్ నైన్ వర్తిస్తుందని ప్రభుత్వం అదే ఏడాది జనవరిలోనే చెప్పి, అధ్యక్షుడు మారగానే ఫిబ్రవరిలో వెనక్కి తీసుకుంది.

కాలేజీ మారిన వెంటనే ఆడొచ్చన్న నియమం కూడా 2021 తర్వాత ఎన్‌సీఏఏలోకి వచ్చింది, కొంత కోర్టుల ఒత్తిడితోనే. అదేదో విప్లవంలా టీవీలో చర్చలు పెట్టారు. ఏఐఏడబ్ల్యూ ఆ నియమాన్ని యాభై ఏళ్ల కిందటే అమలు చేసింది.

మనవాళ్లు ఎవరైనా ఉన్నారా ఈ వ్యవస్థలో?

ఉన్నారు. హైదరాబాద్ టెన్నిస్ అమ్మాయి సహజ యమలపల్లి టెక్సస్‌లోని సామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీకి ఆడి, తర్వాత ప్రొఫెషనల్ అయింది. మన దేశంలో ఈ రెండు సంఘాల గొడవ లేదు. యూనివర్సిటీల మధ్య పోటీలు అబ్బాయిలకైనా అమ్మాయిలకైనా భారతీయ విశ్వవిద్యాలయాల సంఘమే చూస్తుంది. లేడీ లెక్చరర్ రాకపోతే బస్సు దిగిపోయే పద్ధతి మారిందో లేదో ఇప్పటి పిల్లలు చెప్పాలి.

ఏఐఏడబ్ల్యూ రికార్డులు ఇప్పుడు ఎవరి లెక్కలో ఉన్నాయి?

2024 నాటికి ఎన్‌సీఏఏ పుస్తకంలో లేవు. 2024 ఫిబ్రవరి 15న అయోవా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ అమ్మాయి కేట్లిన్ క్లార్క్ 3,527 పాయింట్ల రికార్డు దాటితే మహిళల్లో ఆల్‌టైమ్ రికార్డన్నారు. కానీ క్యాన్సస్ తరఫున లినెట్ వుడర్డ్ 1981కల్లా 3,649 వేసింది. అప్పట్లో మూడు పాయింట్ల గీత లేదు, బంతి కూడా అబ్బాయిలు ఆడే పెద్ద బంతే. వుడర్డ్ ఆడింది ఏఐఏడబ్ల్యూలో కాబట్టి అప్పటి అధికారిక జాబితాలో ఆమె పేరు లేదు. క్లార్క్ రెండు వారాల్లో అదీ దాటేసింది. క్రిస్టీన్ గ్రాంట్ పాతికేళ్లకు పైగా పనిచేసిన అదే అయోవా తరఫున 3,951తో ముగించింది.

అక్కడితో అయిపోలేదు. సౌత్ కెరొలైనాలో ఫ్రాన్సిస్ మేరియన్ అనే చిన్న కాలేజీ ఉంది. అక్కడ 1970ల చివర్లో పర్ల్ మూర్ అనే అమ్మాయి ఆడింది, అదీ ఏఐఏడబ్ల్యూలోనే. ఆమె పాయింట్లు 4,061. మా అమ్మాయి ఆ అంకె ఫోన్‌లో వెతికి, ఇంకోసారి వెతికి, జిమ్ చివర ఫైర్ ఎగ్జిట్ పక్క బ్యానర్‌కి ఫొటో తీసుకుంది.